లోకల్ ఏపిక్ ఎమ్యులేషన్‌లో ఎగ్జిట్ల కోత: ప్రాజెక్టు డైరీ

ఎక్కడున్నాం

లైనక్స్ కెర్నల్ మాడ్యూల్‌గా నడిచే చిన్న హైపర్‌వైజర్ (వర్చువల్ యంత్రాలు నడిపే సాఫ్ట్‌వేర్) ఇది. ఇంటెల్ వీటీ-ఎక్స్ ఉన్న ప్రాసెసర్ల మీదే నడుస్తుంది. గెస్ట్ (లోపల నడిచే వర్చువల్ యంత్రం) 64 బిట్ల లైనక్స్, 4 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), డిస్క్‌కీ నెట్‌వర్క్‌కీ వర్టయో (వర్చువల్ డివైస్‌ల ప్రమాణం). లోకల్ ఏపిక్ (ఒక్కో ప్రాసెసర్‌కి ఇంటరప్ట్‌లు అందించే భాగం), ఐఓ ఏపిక్ (డివైస్‌ల ఇంటరప్ట్‌లని ప్రాసెసర్లకి పంచే భాగం) రెండూ ఇప్పటిదాకా పూర్తిగా సాఫ్ట్‌వేరే. లోకల్ ఏపిక్ రిజిస్టర్లుండే ఎఫ్‌ఈఈ00000 దగ్గరి పేజీని ఈపీటీలో (గెస్ట్ అడ్రసుల్ని అసలు అడ్రసులకి మార్చే టేబుళ్ళు) మ్యాప్ చేయలేదు. అందుకని గెస్ట్ దాన్ని ముట్టుకున్నప్పుడల్లా ఈపీటీ వయొలేషన్‌తో, అంటే 48వ నంబరు ఎగ్జిట్‌తో (గెస్ట్ ఆగి అదుపు హైపర్‌వైజర్‌కి రావడం) బయటికి వస్తుంది. అప్పుడు గెస్ట్ పేజీ టేబుళ్ళు నడిచి, ఇన్‌స్ట్రక్షన్ బైట్లు తెచ్చి, డీకోడ్ చేసి, రిజిస్టర్ విలువ మార్చి, గెస్ట్‌ని మళ్ళీ లోపలికి పంపాలి. ఫలితం సరిగ్గానే ఉంటుంది, వేగమే ఉండదు.

అడ్రసులు, ఆఫ్‌సెట్లు, ఎంఎస్‌ఆర్ (ప్రాసెసర్‌లోని ప్రత్యేక రిజిస్టర్) నంబర్లు ఈ డైరీ అంతటా హెక్స్‌లో ఉంటాయి. ఎగ్జిట్ నంబర్లు, బిట్ నంబర్లు మామూలు దశాంశంలో.

కోడ్ ముట్టుకునే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాం. గెస్ట్ టిక్ 1000 హెర్ట్జ్ అనుకుందాం. పనిలో ఉన్న వీసీపీయూకి ఒక్కో టిక్‌కి హోస్ట్ (అసలు యంత్రం) టైమర్ మోగినందుకు ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ ఎగ్జిట్ ఒకటి, గెస్ట్ ఈఓఐ (ఇంటరప్ట్ పని ముగిసిందనే సూచన) రాసినందుకు ఒకటి, తర్వాతి టిక్‌కి టైమర్ పెట్టుకున్నందుకు ఒకటి. వెరసి 3. ఆ క్షణంలో గెస్ట్ ఇంటరప్ట్‌లు మూసుకుని ఉంటే ఇంటరప్ట్ విండో ఎగ్జిట్ (7) నాలుగోది. 4 వీసీపీయూలకి సెకనుకి కనీసం 12,000 ఎగ్జిట్లు, ఇంకా డిస్కూ నెట్‌వర్కూ కదలకముందే. ఇప్పటి ప్రాసెసర్లలో బయటికొచ్చి లోపలికెళ్ళే ఒక్క రౌండుకే సుమారు వెయ్యి సైకిళ్ళు పోతాయి. డీకోడ్ ఖర్చు దాని మీద అదనం.

ఐపీఐలు (ఒక ప్రాసెసర్ మరో ప్రాసెసర్‌కి పంపే ఇంటరప్ట్‌లు) ఇంకా ఖరీదు. ఎక్స్‌ఏపిక్ మోడ్‌లో (ఏపిక్‌ని మెమరీ పేజీ ద్వారా వాడే మోడ్) ఐపీఐ పంపే రిజిస్టర్ ఐసీఆర్ రెండు ముక్కలు: ముందు 310లో గమ్యం రాయాలి, తర్వాత 300లో వెక్టర్ (ఇంటరప్ట్ నంబరు) రాయాలి. పంపేవైపు 2 ఎగ్జిట్లు, అందుకునే వీసీపీయూని తట్టి బయటికి తెచ్చినందుకు 1, దాని ఈఓఐకి 1. ఒక్క టీఎల్‌బీ (అడ్రసు అనువాదాల క్యాష్) ఫ్లష్ కబురుకి 4 ఎగ్జిట్లు.

ఇకపై ప్రతి మార్పునీ కొలిచే కొలబద్ద ఒక్కటే: ఒక్కో ఇంటరప్ట్‌కి ఎన్ని ఎగ్జిట్లు?

కొలిచే ఏర్పాటు

ప్రతి సీపీయూకి విడిగా, ఎగ్జిట్ నంబరువారీగా ఒక కౌంటర్ వరస పెట్టాం. ఏపిక్ పేజీకి ఆఫ్‌సెట్‌వారీగా మరో వరస. రిజిస్టర్లు 16 బైట్లకొకటి ఉంటాయి కాబట్టి 4 కేబీ పేజీకి 256 గడులు చాలు. ప్రతి ఎగ్జిట్‌నీ ట్రేస్ బఫర్‌లోకి రాస్తే కొలతే కొలిచేదాన్ని పాడుచేస్తుంది. అందుకని హాట్ పాత్‌లో ఒక్క కూడిక తప్ప ఇంకేమీ ఉంచలేదు. కేవీఎమ్ (లైనక్స్‌లోనే ఉండే హైపర్‌వైజర్) మీద పనిచేసేవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదు, 'పర్ఫ్ కేవీఎమ్ స్టాట్' ఇదే లెక్క చెబుతుంది.

ఏపిక్ పేజీ గడుల్లో ముందు వరసలో నిలిచినవి 0బీ0 (ఈఓఐ), 380 (టైమర్ ఇనిషియల్ కౌంట్), 300, 310. మిగతావన్నీ బూట్ సమయంలో కనిపించి తర్వాత కనుమరుగయ్యేవే.

ఐఆర్‌ఆర్‌లో (వచ్చి ఇంకా అందని ఇంటరప్ట్‌ల పట్టిక) అన్నిటికన్నా పెద్ద వెక్టర్ వెతికే లూప్‌ని చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. అది 256 బిట్లు, 32 బిట్ల మాటలు ఎనిమిది. పైనుంచి కిందికి వెతికి, మొదటి సున్నా కాని మాటలో పై బిట్ తీసుకుంటే పని అయిపోతుంది. అలా మార్చాం కానీ మిగిలేది పదుల సైకిళ్ళే. ఒక్క ఎగ్జిట్ ఖర్చు పక్కన పెడితే కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఈఓఐకి దగ్గర దారి

మొదటి నిజమైన మార్పు ఏపిక్ యాక్సెస్ పేజీ. వీఎమ్‌సీఎస్ (ఒక్కో వీసీపీయూ సెట్టింగ్‌లు ఉండే మెమరీ నిర్మాణం) సెకండరీ కంట్రోల్స్‌లో 0వ బిట్ పెట్టి, ఒక భౌతిక పేజీ అడ్రసు ఇచ్చి, ఎఫ్‌ఈఈ00000ని ఈపీటీలో ఆ పేజీకే మ్యాప్ చేశాం. ఇక 48 బదులు 44వ ఎగ్జిట్ వస్తుంది, దాంతోపాటు క్వాలిఫికేషన్‌లో (ఎగ్జిట్ వివరాలు చెప్పే ఫీల్డ్) 11:0 బిట్లలో ఆఫ్‌సెట్, 15:12 బిట్లలో యాక్సెస్ రకం వస్తాయి. రకం 1 అంటే రాత.

రాసిన విలువ మాత్రం అందులో ఉండదు, దానికి మళ్ళీ డీకోడ్ చేయాల్సిందే. అయితే ఎక్స్‌ఏపిక్ మోడ్‌లో ఈఓఐకి ఏ విలువ రాసినా ఒకటే. ఆఫ్‌సెట్ 0బీ0, రకం 1 అయితే డీకోడర్ జోలికే పోకుండా ఈఓఐ చేసి, ఇన్‌స్ట్రక్షన్ పొడవు మేర ఆర్‌ఐపీ (ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు ఉండే రిజిస్టర్) జరిపేస్తాం. కేవీఎమ్‌లోని 'ఫాస్ట్‌ఈఓఐ' పారామీటర్ వెనకున్నదీ ఇదే ఎత్తు. ఆర్‌ఐపీ జరిపినప్పుడు ఇంటరప్టిబిలిటీ స్టేట్‌లో ఎస్‌టీఐ, మూవ్-ఎస్‌ఎస్ బిట్లు తుడవడం మరవకూడదు. అవి మిగిలిపోతే తర్వాతి ఎంట్రీలో ఇంటరప్ట్ ఎక్కించడానికి ప్రాసెసర్ ఒప్పుకోదు.

జాగ్రత్తలు రెండున్నాయి. ఈపీటీలో ఆ మ్యాపింగ్ కచ్చితంగా 4 కేబీ పేజీగానే ఉండాలి. 2 ఎంబీ పేజీలో కలిసిపోతే ఏపిక్ యాక్సెస్ పట్టుకుంటుందని హామీ లేదు. గెస్ట్ తన టేబుళ్ళలో పెద్ద పేజీ వాడినా పరవాలేదు, ఈపీటీ వైపు చిన్నదైతే చాలు. రెండోది, ఈ సెట్టింగ్ మార్చాక ఇన్వ్‌ఈపీటీ చేయాలి. పాత అనువాదం టీఎల్‌బీలో ఉండిపోతే అప్పుడప్పుడూ మాత్రమే తప్పు చేసే గెస్ట్ తయారవుతుంది, దాన్ని పట్టుకోవడం మహా కష్టం.

ఎక్స్2ఏపిక్

ఎక్స్2ఏపిక్ మోడ్‌లో ఏపిక్‌ని పేజీ బదులు ఎంఎస్‌ఆర్‌లతో వాడతారు. ఈ దారికి వెళ్తే డీకోడ్ అనే మాటే ఉండదు. నంబరు ఈసీఎక్స్‌లో, విలువ ఈడీఎక్స్, ఈఏఎక్స్‌లలో సిద్ధంగా ఉంటాయి. ఐసీఆర్ మొత్తం 830 అనే ఒక్క 64 బిట్ల ఎంఎస్‌ఆర్. అందుకని ఐపీఐ పంపే ఖర్చు 2 నుంచి 1కి దిగింది.

చెయ్యాల్సిన చిల్లర పని కాస్త ఉంది. సీపీయూఐడీ (ప్రాసెసర్ సామర్థ్యాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) 1వ లీఫ్ ఈసీఎక్స్‌లో 21వ బిట్ చూపించాలి, బీ లీఫ్‌లో ఎక్స్2ఏపిక్ ఐడీ ఇవ్వాలి. ఎల్‌డీఆర్ (లాజికల్ గమ్యం రిజిస్టర్) గెస్ట్ రాసేది కాదు, ఐడీ నుంచే పుడుతుంది: ఐడీలో కింది 4 బిట్లు మినహాయించిన భాగం క్లస్టర్, ఆ 4 బిట్లు చెప్పే స్థానంలో ఒక బిట్. 80బీకి (ఈఓఐ) సున్నా తప్ప ఏం రాసినా జీపీ ఫాల్ట్ వేయాలి. 80ఈ (డీఎఫ్‌ఆర్), 831 అసలు లేవు, వాటికీ ఫాల్టే.

ఇంత చేసినా లైనక్స్ గెస్ట్ ఎక్స్‌ఏపిక్‌లోనే ఉండిపోవచ్చు. ఇంటరప్ట్ రీమ్యాపింగ్ (డివైస్ ఇంటరప్ట్‌ల గమ్యాన్ని హార్డ్‌వేర్ మార్చి పంపడం) లేనప్పుడు తనకు తెలిసిన హైపర్‌వైజర్ 'ఎక్స్2ఏపిక్ వాడుకో' అని చెప్తే తప్ప లైనక్స్ దాన్ని వాడదు. రీమ్యాపింగ్ ఎక్స్2ఏపిక్‌కి పనికిరాదన్న ఒక వాక్యం బూట్ లాగ్‌లో కనిపిస్తే కారణం ఇదే. సీపీయూఐడీ 40000000 (హెక్స్) లీఫ్‌లో కేవీఎమ్ సంతకం చూపించి ఈ గుమ్మం దాటించవచ్చు. కానీ ఆ సంతకంతోపాటు ఏయే పారావర్చువల్ ఫీచర్లు ఉన్నాయని చెప్తామో అవన్నీ నిజంగా ఉండాలి. ఫీచర్ లీఫ్‌ని సున్నాలతో ఇవ్వడం క్షేమం.

టైమర్

380 గడిని ఖాళీ చేయడానికి టీఎస్‌సీ (ప్రాసెసర్‌లో కాలం లెక్కించే కౌంటర్) డెడ్‌లైన్ మోడ్ తెరిచాం. సీపీయూఐడీ 1వ లీఫ్ ఈసీఎక్స్ 24వ బిట్, ఎల్‌వీటీ టైమర్ రిజిస్టర్‌లో 18:17 బిట్లు 10, ఎంఎస్‌ఆర్ 6ఈ0. గెస్ట్ రాసేది ఎంతసేపో కాదు, ఎప్పుడో. కాబట్టి డివైడర్ లెక్కలు పోతాయి. సున్నా రాస్తే టైమర్ ఆగాలి, గడిచిపోయిన విలువ రాస్తే వెంటనే మోగాలి, మోడ్ వేరుగా ఉన్నప్పుడు రాస్తే పట్టించుకోకూడదు. గెస్ట్ టీఎస్‌సీకి ఆఫ్‌సెట్ పెట్టి ఉంటే పోల్చే ముందు దాన్ని తీసెయ్యాలి.

హోస్ట్ హెచ్‌ఆర్ టైమర్ (లైనక్స్ సూక్ష్మ టైమర్) బదులు వీఎమ్‌ఎక్స్ ప్రీఎంప్షన్ టైమర్ వాడాం. పిన్ కంట్రోల్స్‌లో 6వ బిట్, మోగితే 52వ ఎగ్జిట్. ఇది టీఎస్‌సీకన్నా నెమ్మదిగా కదులుతుంది. ఎంత నెమ్మదో ఎంఎస్‌ఆర్ 485లో 4:0 బిట్లు చెబుతాయి. అక్కడ 5 ఉంటే 32 టీఎస్‌సీ టిక్కులకి ఒకసారి తగ్గుతుందన్నమాట. కౌంటర్ 32 బిట్లే కాబట్టి 3 గిగాహెర్ట్జ్ మీద సుమారు 45 సెకన్లు దాటిన డెడ్‌లైన్ పట్టదు, అలాంటివి హెచ్‌ఆర్ టైమర్‌కే పోవాలి. ఇంకో సంగతి, ఇది గెస్ట్ లోపల నడుస్తున్నప్పుడే దిగుతుంది. హెచ్‌ఎల్‌టీతో (పని లేనప్పుడు ప్రాసెసర్‌ని ఆపే ఇన్‌స్ట్రక్షన్) వీసీపీయూని పడుకోబెట్టే ముందు మిగిలిన సమయాన్ని హెచ్‌ఆర్ టైమర్‌కి అప్పగించకపోతే, గెస్ట్ ఇంకో ఇంటరప్ట్ వచ్చి లేపేదాకా పడుకునే ఉంటుంది.

6ఈ0, 830 రాతలకి విడిగా ఒక పొట్టి దారి వేశాం. హోస్ట్ ఇంటరప్ట్‌లు తెరవకముందే పని ముగించి గెస్ట్‌లోకి వెళ్ళిపోతుంది. ఎగ్జిట్ సంఖ్య తగ్గదు కానీ ఒక్కోదాని నిడివి తగ్గుతుంది.

వర్చువల్ ఇంటరప్ట్ డెలివరీ

ఇక హార్డ్‌వేర్‌కే పని అప్పజెప్పడం. ప్రైమరీ కంట్రోల్స్‌లో 21 (టీపీఆర్ షాడో; టీపీఆర్ అంటే టాస్క్ ప్రయారిటీ రిజిస్టర్), సెకండరీలో 8 (ఏపిక్ రిజిస్టర్ వర్చువలైజేషన్), 9 (వర్చువల్ ఇంటరప్ట్ డెలివరీ), ఎక్స్2ఏపిక్ గెస్ట్‌కి 4, ఎక్స్‌ఏపిక్ గెస్ట్‌కి 0. ఆఖరి రెండూ ఒకేసారి ఉండకూడదు. 4, 8, 9 ఏది పెట్టినా టీపీఆర్ షాడో ఉండి తీరాలి, 9కి ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ ఎగ్జిటింగ్ కూడా ఉండాలి. ఒక్కటి తప్పినా వీఎమ్ ఎంట్రీ 7వ నంబరు ఎర్రర్‌తో, అంటే కంట్రోల్ ఫీల్డ్ చెల్లదంటూ, వెనక్కి వస్తుంది. ఏ ఫీల్డో మాత్రం చెప్పదు. అందుకని ఎంట్రీకి ముందు ఈ నియమాలన్నీ పరీక్షించే డీబగ్ ఫంక్షన్ ఒకటి రాసి పెట్టుకున్నాం. రాయడానికి పట్టే సమయం మొదటి ఎర్రర్‌కే తిరిగొస్తుంది.

ఇక్కడి నుంచి ఐఆర్‌ఆర్, ఐఎస్‌ఆర్ (అంది ఇంకా ముగియని ఇంటరప్ట్‌ల పట్టిక) వర్చువల్ ఏపిక్ పేజీలో ఉంటాయి. ఈఓఐ దానంతటదే జరిగిపోతుంది, ఎగ్జిట్ సున్నా. రాసే రిజిస్టర్లలో హార్డ్‌వేర్ చేయలేనివాటికి 56వ ఎగ్జిట్ వస్తుంది. 44కీ 56కీ ఉన్న తేడా ఒంటబట్టాలి. 56 రాత ముగిశాక వస్తుంది: విలువ అప్పటికే పేజీలో ఉంటుంది, ఆర్‌ఐపీ అప్పటికే ముందుకు జరిగి ఉంటుంది. అలవాటు కొద్దీ మళ్ళీ జరిపితే గెస్ట్‌లో ఒక ఇన్‌స్ట్రక్షన్ మాయమవుతుంది, గెస్ట్ కెర్నల్ ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. 45 (లెవెల్ ఇంటరప్ట్‌ల ఈఓఐకి వచ్చే ఎగ్జిట్, కింద చెప్తాం) కూడా ఇదే కోవ.

వీఎమ్‌సీఎస్‌లో గెస్ట్ ఇంటరప్ట్ స్టేటస్ అని 16 బిట్ల ఫీల్డ్ ఉంది: కింది బైటు ఆర్‌వీఐ (ఎదురుచూస్తున్న అతిపెద్ద వెక్టర్), పై బైటు ఎస్‌వీఐ (నడుస్తున్న అతిపెద్ద వెక్టర్). ఈ రెండిటి వల్లే ఎక్కువ గెస్ట్‌లు బిగుసుకుపోతాయి.

ఆర్‌వీఐ సంగతి ముందు. పేజీలో ఐఆర్‌ఆర్ బిట్ పెట్టి ఆర్‌వీఐ పెంచకపోతే హార్డ్‌వేర్ ఆ బిట్‌ని చూడదు. ఎంట్రీలో అది చూసేది ఆర్‌వీఐనే. ఐఆర్‌ఆర్ మొత్తాన్ని తిరిగి వెతికేది వేరే ఇంటరప్ట్ ఒకటి డెలివర్ అయ్యాకే. లక్షణం ఇలా ఉంటుంది: నెట్‌వర్క్ ప్యాకెట్ వచ్చి ఆగిపోతుంది, తర్వాత టైమర్ టిక్ రాగానే కదులుతుంది. పింగ్ సమయాలు గెస్ట్ టిక్ వ్యవధి చుట్టూ గుమిగూడాయంటే ముందు చూడాల్సింది ఆర్‌వీఐ.

ఎస్‌వీఐ స్నాప్‌షాట్ నుంచి లేపేటప్పుడు కొంప ముంచుతుంది. గెస్ట్‌ని ఇంటరప్ట్ హ్యాండ్లర్ మధ్యలో ఆపి సేవ్ చేశామనుకోండి. ఐఎస్‌ఆర్‌లో బిట్ ఉంది, తిరిగి లేపినప్పుడు ఎస్‌వీఐ సున్నా. గెస్ట్ ఈఓఐ రాస్తుంది. హార్డ్‌వేర్ ఎస్‌వీఐ చెప్పిన వెక్టర్‌ని, అంటే 0వ బిట్‌ని తుడుస్తుంది. ఆపైన ఐఎస్‌ఆర్‌లో మిగిలిన అతిపెద్ద వెక్టర్‌ని ఎస్‌వీఐలో వేసుకుంటుంది. అది ఇప్పుడే ముగిసిన ఇంటరప్టే. పీపీఆర్ (ఇప్పటి ప్రాధాన్యం చెప్పే రిజిస్టర్) ఆ తరగతికి ఎక్కి కూర్చుంటుంది. ఇక ఆ తరగతివీ అంతకు కిందివీ ఎన్నటికీ రావు. గెస్ట్ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, డిస్క్ మాత్రం పలకదు. రీస్టోర్ దారిలో ఐఎస్‌ఆర్ వెతికి ఎస్‌వీఐ నింపడం రెండు వరసల కోడ్.

ఎక్స్2ఏపిక్ గెస్ట్‌కి ఎంఎస్‌ఆర్ బిట్‌మ్యాప్ (ఏ ఎంఎస్‌ఆర్‌కి ఎగ్జిట్ రావాలో చెప్పే పట్టిక) కూడా తెరవాలి. చదవడానికి దాదాపు అన్నీ తెరవచ్చు, 839 (కరెంట్ కౌంట్) తప్ప. రాయడానికి టీపీఆర్, 80బీ, 83ఎఫ్ (సెల్ఫ్ ఐపీఐ) మాత్రమే. ఇందులో భద్రతా సమస్య ఒకటి దాగి ఉంది. గెస్ట్ ఎక్స్2ఏపిక్ మోడ్ వదిలేసినప్పుడు 4వ బిట్ తీసేసి బిట్‌మ్యాప్ మూయడం మరిస్తే, గెస్ట్ రాసే 80బీ నేరుగా హోస్ట్ ఏపిక్‌కి తగులుతుంది. ముందు బిట్‌మ్యాప్ మూయాలి, తర్వాతే మోడ్ మార్చాలి. ఈ క్రమాన్ని కోడ్‌లో ఒకే ఫంక్షన్‌లో ఉంచాం, విడివిడిగా పిలిచే వీలు లేకుండా.

పోస్టెడ్ ఇంటరప్ట్‌లు

నడుస్తున్న వీసీపీయూని బయటికి లాగకుండానే ఇంటరప్ట్ అందించడం ఇందులోని లాభం. పిన్ కంట్రోల్స్‌లో 7వ బిట్, ఎగ్జిట్ కంట్రోల్స్‌లో 15 (అక్నాలెడ్జ్), 64 బైట్లకి అలైన్ చేసిన డిస్క్రిప్టర్. అందులో మొదటి 256 బిట్లు పీఐఆర్ (పోస్ట్ చేసిన వెక్టర్లు), 256వ బిట్ ఓఎన్ (తట్టామనే గుర్తు), 257 ఎస్‌ఎన్ (తట్టొద్దనే గుర్తు), తర్వాత నోటిఫికేషన్ వెక్టర్, గమ్యం.

పంపేవైపు క్రమం: పీఐఆర్‌లో వెక్టర్ బిట్‌ని అటామిక్‌గా పెట్టు, తర్వాత ఓఎన్‌ని టెస్ట్-అండ్-సెట్ చెయ్యి. ఓఎన్ అప్పటికే 1 అయితే వెనక్కి వచ్చెయ్, ఇంకొకరు ఇప్పటికే తట్టారు. కాకపోతే వీసీపీయూ గెస్ట్‌లో ఉందా చూసి నోటిఫికేషన్ ఐపీఐ పంపు, పడుకుని ఉంటే లేపు.

అందుకునేవైపు: హోస్ట్ ఇంటరప్ట్‌లు మూసి, 'గెస్ట్‌లో ఉన్నాను' అని రాసి, మెమరీ బ్యారియర్ వేసి, అప్పుడు ఓఎన్ తుడిచి పీఐఆర్‌ని ఐఆర్‌ఆర్‌లోకి పోసి, ఆర్‌వీఐ సరిచేసి లోపలికి వెళ్ళాలి. రాతకీ పీఐఆర్ చూడడానికీ మధ్య బ్యారియర్ లేకపోతే రెండు వైపులా ఒకరినొకరు చూసుకోకుండా దాటిపోగలరు. పంపినవాడు 'బయట ఉన్నాడు, ఎలాగూ లోపలికెళ్ళేటప్పుడు చూస్తాడు' అనుకుంటాడు, ఇటువైపు అప్పటికే చూసేసి ఉంటుంది. ఓఎన్ తుడవడం కూడా పీఐఆర్ చదవడానికి ముందే జరగాలి. తర్వాత తుడిస్తే మధ్యలో పడ్డ బిట్ పీఐఆర్‌లోనే ఉండిపోతుంది, దాని కోసం పంపేవాడు మళ్ళీ తట్టడు.

పీఐఆర్ చూశాక, గెస్ట్‌లోకి ఇంకా అడుగు పెట్టకముందు ఐపీఐ వస్తే? హోస్ట్ ఇంటరప్ట్‌లు మూసి ఉన్నాయి కాబట్టి అది భౌతిక ఏపిక్‌లో ఆగి ఉంటుంది. గెస్ట్‌లోకి అడుగుపెట్టగానే ప్రాసెసర్ దాన్ని పోస్టెడ్ ఇంటరప్ట్‌గానే తీసుకుని, తనే హోస్ట్ ఏపిక్‌కి ఈఓఐ ఇచ్చి, పీఐఆర్‌ని ఐఆర్‌ఆర్‌లో కలుపుకుంటుంది. ఈ సందుకి సాఫ్ట్‌వేర్ ఏమీ చేయక్కర్లేదు. హోస్ట్ మోడ్‌లో ఆ వెక్టర్ వస్తే హ్యాండ్లర్ ఈఓఐ తప్ప ఇంకేమీ చేయదు.

పడుకునే దారిలో మాత్రం మన బాధ్యతే. హెచ్‌ఎల్‌టీ ఎగ్జిట్ (12) వచ్చాక 'పడుకుంటున్నాను' అని రాసిన తర్వాత పీఐఆర్‌ని మళ్ళీ ఒకసారి చూడాలి. ఆ క్రమం తిరగబడితే లేపే కబురు పోతుంది. వీసీపీయూ వేరే కోర్‌కి మారినప్పుడు గమ్యం ఫీల్డ్ మార్చాలి. హోస్ట్ ఎక్స్2ఏపిక్‌లో ఉంటే 32 బిట్ల ఐడీ మొత్తం, ఎక్స్‌ఏపిక్‌లో ఉంటే 8 బిట్ల ఐడీ ఆ ఫీల్డ్‌లో 15:8 దగ్గర కూర్చుంటుంది.

ఇక్కడికి లెక్క: ఐపీఐకి 4 ఉన్నవి 1 (పంపేవైపు 830 రాత). వర్టయో ఎంఎస్‌ఐ (లైన్ బదులు మెమరీ రాతతో వచ్చే) ఇంటరప్ట్‌కి నడుస్తున్న వీసీపీయూ వైపు 2 ఉన్నవి 0. టైమర్ టిక్‌కి 3 ఉన్నవి 2, అంటే 52 ఒకటి, 6ఈ0 రాత ఒకటి.

ఐఓ ఏపిక్, లెవెల్ ఇంటరప్ట్‌లు

ఈఓఐ ఎగ్జిట్ పోయిందని సంబరపడేలోపు ఐఓ ఏపిక్ గుర్తుకొస్తుంది. లెవెల్ ఇంటరప్ట్ (డివైస్ లైన్ ఎత్తి ఉంచినంతసేపూ ఉండేది) డెలివర్ అయినప్పుడు రీడైరెక్షన్ ఎంట్రీలో (ఒక్కో లైన్‌కి వెక్టర్, గమ్యం చెప్పే ఐఓ ఏపిక్ గడి) 14వ బిట్ (రిమోట్ ఐఆర్‌ఆర్) పడుతుంది, గెస్ట్ ఈఓఐతోనే అది తొలగాలి. ఈఓఐ మనకి తెలియకుండా జరిగిపోతే ఆ బిట్ అలాగే ఉంటుంది, డివైస్ మొదటి ఇంటరప్ట్ ఇచ్చాక ఇక నోరెత్తదు.

దీనికే వీఎమ్‌సీఎస్‌లో ఈఓఐ ఎగ్జిట్ బిట్‌మ్యాప్, 64 బిట్లవి నాలుగు. లెవెల్ వెక్టర్లకి బిట్ పెడితే వాటికి మాత్రం 45వ ఎగ్జిట్ వస్తుంది, వెక్టర్ నంబరు క్వాలిఫికేషన్‌లో ఉంటుంది. ఈ బిట్‌మ్యాప్‌ని ఎప్పుడెప్పుడు తిరిగి కట్టాలన్నదే అసలు చిక్కు. రీడైరెక్షన్ ఎంట్రీ మారినప్పుడు అందరికీ తెలుసు. లాజికల్ గమ్యం వాడే ఎంట్రీలు ఏ వీసీపీయూకి చేరతాయో ఎల్‌డీఆర్, డీఎఫ్‌ఆర్, ఏపిక్ ఐడీల మీద ఆధారపడుతుంది. కాబట్టి అవి మారినా కట్టాలి. ఎంట్రీని వేరే వీసీపీయూకి మార్చినప్పుడు పాత వీసీపీయూ ఐఎస్‌ఆర్‌లో ఆ వెక్టర్ ఇంకా ఉండొచ్చు, అది ఈఓఐ ఇచ్చేదాకా దాని బిట్‌మ్యాప్‌లోనూ బిట్ ఉంచాలి. గెస్ట్‌లో ఐఆర్‌క్యూ బ్యాలెన్సింగ్ నడుస్తున్నప్పుడే ఇది బయటపడుతుంది.

45 వచ్చాక లైన్ ఇంకా ఎత్తే ఉంటే వెంటనే మళ్ళీ ఇంజెక్ట్ చేయాలి. ఒకే లైన్ పంచుకునే డివైస్‌లకి ఒక్కోదానికి ఒక్కో బిట్ ఉంచి, అన్నిటి 'ఆర్'నే లైన్ విలువగా తీసుకుంటున్నాం. ఒక డివైస్ దింపగానే లైన్ మొత్తం దించేస్తే రెండోదాని ఇంటరప్ట్ పోతుంది. గెస్ట్‌లో డ్రైవరే లేని డివైస్ లైన్ ఎత్తి ఉంచితే ఇంజెక్ట్-ఈఓఐ-ఇంజెక్ట్ అంటూ తుఫాను లేస్తుంది. వరసగా కొన్ని వేలసార్లు తిరిగాక కాస్త ఆలస్యం పెట్టి ఇస్తున్నాం, అప్పుడు గెస్ట్ కెర్నల్‌కి 'ఈ లైన్ ఎవరిదీ కాదు' అని మూసేసే వ్యవధి దొరుకుతుంది.

ఇంకొకటి. ఈఓఐ రిజిస్టర్ లేని పాత ఐఓ ఏపిక్ వెర్షన్ చూపిస్తే, ఇరుక్కున్న రిమోట్ ఐఆర్‌ఆర్‌ని తొలగించడానికి లైనక్స్ ఎంట్రీని మాస్క్ చేసి, ఎడ్జ్‌కి మార్చి, తిరిగి లెవెల్‌కి తెస్తుంది. ఎడ్జ్‌కి మార్చిన క్షణాన 14వ బిట్ తుడవాలి. వెర్షన్ 20 (హెక్స్) చూపించి 40 దగ్గర ఈఓఐ రిజిస్టర్ ఇవ్వడం శుభ్రమైన దారి, మేం అదే చేశాం.

వీటిని బయటపెట్టడానికి గెస్ట్‌ని 'పీసీఐ=నోఎంఎస్‌ఐ'తో బూట్ చేసి, వర్టయో డివైస్‌లు ఒకే లైన్ పంచుకునేలా కూర్చి, ఐఆర్‌క్యూ అఫినిటీని వీసీపీయూల మధ్య తిప్పుతూ డిస్క్, నెట్‌వర్క్ లోడ్ రెండూ నడపాలి. ఎంఎస్‌ఐ-ఎక్స్ ఉంటే ఈ కోడ్‌లో సగం ఎప్పుడూ నడవదు, టెస్టులన్నీ పచ్చగా కనిపిస్తాయి. విడి రిజిస్టర్ ప్రవర్తనకి కేవీఎమ్-యూనిట్-టెస్ట్స్‌లోని ఏపిక్, ఐఓ ఏపిక్ పరీక్షలు మన హైపర్‌వైజర్ మీద నడపడానికి కొద్దిగా బూట్ కోడ్ సర్దితే సరిపోతుంది.

మిగిలిన పని

ఐపీఐ పంపేవైపు ఆ ఒక్క ఎగ్జిట్ కూడా పోవాలంటే ఐపీఐ వర్చువలైజేషన్ ఉన్న ప్రాసెసర్ కావాలి. జియాన్‌లలో సఫైర్ ర్యాపిడ్స్ నుంచి ఉంది. ఏపిక్ ఐడీని పోస్టెడ్ డిస్క్రిప్టర్‌కి జతచేసే టేబుల్ ఒకటి ఇస్తే 830 రాతని ప్రాసెసరే పూర్తి చేస్తుంది. ఆ టేబుల్ కోసమే డిస్క్రిప్టర్లని వీసీపీయూ స్ట్రక్చర్ లోంచి తీసి విడి పేజీల్లో పెట్టే మార్పు ఇప్పుడు బ్రాంచ్‌లో ఉంది. అది లేని ప్రాసెసర్ల మీద పంపేవైపు గమ్యం వెతికే లూప్‌ని ఏపిక్ ఐడీతో నేరుగా ఇండెక్స్ అయ్యే మ్యాప్‌గా మార్చాలి. వీటీ-డీ పోస్టింగ్ (డివైస్ ఇంటరప్ట్‌లు నేరుగా గెస్ట్‌కి పోస్ట్ కావడం) దాని తర్వాత.